అన్నీ మార్చు

కౌముదికి డాక్టరు జగన్నాథరావుగారంటే భయం. ఆయన అరుస్తారని కాదు. అరవరు. తప్పు జరిగితే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఆ తప్పు చేసినవాళ్ళ వంక కాసేపు ఊరికే చూస్తారు. ఆ చూపు కింద నిలబడడం కన్నా నాలుగు తిట్లు తినడం నయమని అమలాపురంలోని ఆ నర్సింగ్‌హోంలో పనిచేసే వాళ్ళందరికీ తెలుసు.

కౌముది అక్కడ చేరి ఏడాది కాలేదు. తండ్రి ముక్తేశ్వరం దగ్గర ఒక పల్లెలో అర్చకులు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తరవాత బీకాం. పేషెంట్ల పేర్లు రాసుకోవడం, రిపోర్టులు అందించడం, డాక్టరుగారు ఇంగ్లీషులో చెబుతుంటే టైపు చేసి కాకినాడలోనో రాజమండ్రిలోనో ఉన్న పెద్ద ఆసుపత్రులకు మెయిలు పంపడం ఆమె పని. మొదటి రెండూ ఆమెకు మంచినీళ్ళ ప్రాయం. మూడోదానికి కూర్చుంటే అరచేతులు చెమటలు పట్టేవి. ఆయన వేగంగా చెబుతారు. మందుల పేర్లు పట్టుకోబోతే చేపల్లా జారిపోతాయి. మళ్ళీ అడగాలంటే భయం. అడక్కుండా రాయాలంటే ఇంకా భయం.

ఆ భయం ఒకరోజు నిజమే అయింది. రాజమండ్రికి పంపిన ఒక ముసలాయన గురించి 'పేషెంటు స్టేబుల్‌గా ఉన్నారు' అని రాయాల్సిన చోట ఒక అక్షరం ఎగిరిపోయింది. స్టేబుల్ కాస్తా 'స్టేల్' అయి కూర్చుంది. అక్కడి డాక్టరు సాయంత్రం ఫోను చేసి పడీపడీ నవ్వాడు.

"ఏంటండీ జగన్నాథరావుగారూ, పేషెంటు పాచిపోయాడని రాశారు? వాసన చూసి చేర్చుకోమంటారా?"

జగన్నాథరావుగారు ఫోను పెట్టేసి కళ్ళజోడు తీశారు. బల్ల మీద పెట్టారు. కౌముది తన చెప్పుల వంక చూస్తూ నిలబడింది.

"అమ్మాయ్," అన్నారు చివరికి. "ఈ తప్పులు పట్టేవి ఉంటాయట కదా, స్పెల్‌చెక్కని. మన మెయిల్లో లేదా?"

"లేదండి. ఇది బాగా పాత ప్రోగ్రామండి. కొత్తది పెట్టుకుంటే..."

"కొత్తది వద్దు. పాత ఉత్తరాలన్నీ ఇందులోనే ఉన్నాయి. దీనికే తగిలించేది ఏదైనా చూడు. ఊరికే వచ్చేది చూడు."

మర్నాడు ఓపీ పలచబడ్డాక కౌముది వెతకడం మొదలుపెట్టింది. మొదట తగిలిన పేజీ నిండా ఆకుపచ్చ బటన్లే. ప్రతి బటనూ 'నన్నే నొక్కు' అన్నట్టు మిలమిలా మెరుస్తోంది. ఏది అసలుదో, ఏది ప్రకటనో తెలియక ఒకటి నొక్కింది. అంతే, తెరంతా ఎర్రబడిపోయింది. స్పీకర్లోంచి సైరను మోగింది. మీ కంప్యూటరుకు వైరస్ సోకిందనీ, ఆపేశారంటే ఉన్నదంతా పోతుందనీ, వెంటనే ఈ నంబరుకు ఫోను చెయ్యాలనీ ఒక ఆడగొంతు ఇంగ్లీషులో హెచ్చరించడం మొదలుపెట్టింది. వరండాలో బెంచీల మీద కూర్చున్న వాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. ఒక పసిపిల్ల జడుసుకుని ఏడుపందుకుంది.

కౌముదికి ఏం చెయ్యాలో తోచలేదు. వంగి బల్ల కింద చెయ్యి పెట్టి ప్లగ్గు ఊడబీకేసింది. తెర నల్లబడింది, గొంతు ఆగింది. డాక్టరుగారి ఉత్తరాలన్నీ పోయాయి, తన ఉద్యోగం పోయింది, నాన్నకి ఏం చెప్పాలి? అంతర్వేది నరసింహస్వామికి మొక్కుకుని, మళ్ళీ ప్లగ్గు పెట్టింది. అన్నీ ఉన్నాయి. ఏమీ పోలేదు. అదంతా ఒట్టి బూటకపు బెదిరింపు.

తరవాత చాలా రోజులు ఆ ఊసెత్తలేదు. కానీ ఆయన రోజూ వెళ్ళేటప్పుడు, "దొరికిందా అమ్మాయ్?" అని అడుగుతుంటే తప్పలేదు. ఈసారి స్పీకరు తీగ ముందే తీసేసి, ఏదీ నొక్కకుండా చదవడం నేర్చుకుంది. కొన్ని కొత్త ప్రోగ్రాములకే పనిచేస్తాయి. కొన్ని నెల్లాళ్ళు ఊరికే ఇచ్చి తరవాత డబ్బడుగుతాయి. ఒకటి ముందు ఫోను నంబరివ్వమంది. ఇలా వెతగ్గా వెతగ్గా, బొమ్మా మెరుపూ లేని ఒక మామూలు తెల్ల పేజీ కనబడింది. పాత మెయిల్ ప్రోగ్రాముల కోసమే ఎవరో తయారుచేసి పెట్టారు. ఉచితం. దించుకుని, దేవుడి మీద భారం వేసి తెరిచింది. సైరను మోగలేదు. 'ఫీవర్' అన్న మాటని కావాలనే తప్పుగా కొట్టి చూసింది. దాని కింద ఎర్రగీత పడి, పక్కనే సరైన మాట వచ్చింది. కౌముదికి ఎవరో పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని రాయిస్తున్నట్టే అనిపించింది.

"బాగుందే," అంది హెలెన్ సిస్టర్ వెనకనుంచి తొంగిచూసి. ఆవిడ అక్కడ పెద్ద నర్సు. తెల్లకోటుకి జేబులు ఎన్నుంటే అన్నిట్లోనూ సిరంజీలూ పెన్నులూ ఉంటాయి. "కానీ మందుల పేర్లన్నిటి కిందా గీతలే పెడుతోందేంటి?"

"దానికి మందులు తెలీవు సిస్టర్. మనం వదిలెయ్యమని చెప్పాలి."

నిజమే. దానికి మామూలు ఇంగ్లీషు తప్ప ఏమీ తెలీదు. మందుల పేర్లూ, మనుషుల పేర్లూ, ఊళ్ళ పేర్లూ అన్నీ దాని లెక్కలో తప్పులే. ఒక్కో మాట దగ్గరా ఆగి 'వదిలెయ్' నొక్కుకుంటూ పోవాలి. అడుగున 'అన్నీ మార్చు' అని ఇంకో బటనుంది. దాని జోలికి కౌముది ఎప్పుడూ పోలేదు.

ఆ వారమే ఏసమ్మ వచ్చింది. కాట్రేనికోన వైపు రొయ్యల చెరువుల్లో పనిచేసే మనిషి. కాలికి ముల్లు దిగి, పట్టించుకోకపోతే చీము పట్టి, మోకాలి దాకా వాచిపోయింది. చెరువు మేస్త్రీ ఎవరో ఆటోలో తెచ్చి దించేసి వెళ్ళిపోయాడు. జగన్నాథరావుగారు చూసి సెఫ్‌ట్రియాక్సోన్ ఇంజెక్షను ఇమ్మన్నారు. ఇలాంటి వాటికి అందరూ ఇచ్చేదే, రోజూ అక్కడ ఎవరో ఒకరికి చేసేదే.

ఏసమ్మకి అది పడలేదు. నిమిషాల్లో పెదాలు ఉబ్బాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి అందక గొంతు పట్టుకుంది. హెలెన్ కేక పెట్టింది. డాక్టరుగారు పరిగెత్తారు. మంచానికి అడ్డంగా కట్టిన గుడ్డ తెర సందులోంచి కౌముదికి కనిపించింది ఏసమ్మ పాదాలు మాత్రమే. అవి ఇనప మంచం చివర కమ్మీని టకటకా తన్నుకుంటున్నాయి. కాసేపటికి ఆగాయి. చనిపోయిందనుకుని కౌముది గోడకి ఆనుకుపోయింది. కాదు, ఊపిరి అందింది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే దక్కేది కాదని హెలెన్ తరవాత చెప్పింది. ఆ రాత్రి కౌముదికి అన్నం సయించలేదు.

మందు మార్చినా కాలు తగ్గలేదు. వేళ్ళు నల్లబడసాగాయి, జ్వరం ఎక్కువై ఏసమ్మ పలవరించడం మొదలుపెట్టింది. కాకినాడ పంపాల్సిందేనన్నారు డాక్టరుగారు. ఆ ఉదయమే ఏసమ్మ ఇంటి పక్కనుండే తలుపులమ్మ బట్టల సంచీతో వచ్చింది. అంబులెన్సులో తోడెక్కుతూ ఆవిడ, "అక్కడ నేనేం చెప్పాలండి బాబూ? నాకేం తెలీదు," అంటే, "మీరేం చెప్పక్కర్లేదమ్మా. వివరాలన్నీ మెయిల్లో పంపిస్తున్నాం," అన్నారాయన.

అంబులెన్సు వెళ్ళిన గంటకు గానీ ఆయనకు తీరిక దొరకలేదు. అప్పుడు వచ్చి కౌముది పక్కన నిలబడి గబగబా చెప్పారు. ఆమె గబగబా కొట్టింది. సెఫ్‌ట్రియాక్సోన్ పడదన్న మాట నాలుగో వరసలో వచ్చింది. ఇంతలో ఒక నిండు గర్భిణిని తీసుకొచ్చారు, వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. "తప్పులు చూసి పంపించెయ్," అంటూ ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

కౌముది తప్పులు పట్టే పనిలో పడింది. ఒకటి సరిచేసింది, రెండు వదిలేసింది, మరొకటి సరిచేసింది. ఫోను మోగింది.

"కాకినాడ నుంచండి. మీ పేషెంటు ఊళ్ళోకి వచ్చేసిందట. సమ్మరీ ఇంకా రాలేదేంటి? బెడ్డు వెయ్యాలి మేము."

"ఇదిగోనండి, ఇప్పుడే, ఒక్క నిమిషం."

"పది నిమిషాల కిందటా ఇదే చెప్పారు." ఫోను ఠక్కున పెట్టేశారు.

తెర నిండా ఇంకా ఎర్రగీతలే. ఎప్పటికి అవుతాయి? ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుని 'అన్నీ మార్చు' నొక్కింది. గీతలన్నీ మాయమైపోయాయి. తెర కడిగిన అరుగులా తెల్లగా, నున్నగా ఉంది. వెంటనే పంపించేసింది.

హమ్మయ్య అనుకుని మంచినీళ్ళు తాగి, వరండాలో కాచుక్కూర్చున్న వాళ్ళ పేర్లన్నీ రాసుకుంది. దస్త్రంలో పెట్టడానికి ఒక కాగితం తీద్దామని పంపిన మెయిలు తెరిచింది. పైన పేరు దగ్గర 'ఎమ్మా' అని ఉంది. ఎవరీ ఎమ్మా అనుకుంది ముందు. ఏసమ్మని దొరసానిని చేసేసింది! నర్సింగ్‌హోం చిరునామాలో అమలాపురం కాస్తా 'అమాల్గం' అయింది. నవ్వు రాబోయింది. ఆ నవ్వు పెదాల దాకా రాకముందే చూపు నాలుగో వరస మీద పడింది.

'పేషెంటుకు సర్టిఫికేషన్ అంటే అలెర్జీ.'

మళ్ళీ చదివింది. సెఫ్‌ట్రియాక్సోన్ అన్న మాట ఎక్కడా లేదు. ఇనప కమ్మీని తన్నుకున్న ఆ పాదాలు కళ్ళ ముందు మెదిలాయి. ఇది చదివినవాళ్ళు ఏమనుకుంటారు? ఏదో టైపు తప్పులే అనుకుని వదిలేస్తారు. కాలు చూస్తారు. అందరూ ఇచ్చేదే ఇస్తారు.

గబగబా సరిచేసి, 'ముందు పంపినది చూడకండి' అని మరో మెయిలు పంపింది. కానీ ఎవరు చూస్తారు? మొదటిది ఈపాటికి కాగితం మీదికెక్కి ఏసమ్మ మంచానికి వేలాడుతుంటుంది. కాకినాడ నంబరుకి ఫోను చేసింది. లైను ఖాళీ లేదు. మళ్ళీ చేసింది. ఈసారి మోగి మోగి ఆగిపోయింది.

ఆపరేషన్ థియేటరు తలుపు దగ్గరికి పరిగెత్తింది. లోపలికి పోవడానికి లేదు. తలుపు మీద దబదబా బాదింది. అలా బాదడం ఆ నర్సింగ్‌హోంలో ఎవరూ ఎరగరు. హెలెన్ మాస్కుతోనే తల బయటికి పెట్టింది.

"మతి పోయిందా నీకు?"

"సిస్టర్, ఏసమ్మ! ఆ ఇంజెక్షను పడదని రాశానుగా, అది మారిపోయింది. వేరే మాట పడింది. వాళ్ళు ఫోనెత్తట్లేదు. చేసేస్తారు సిస్టర్, చేసేస్తారు..."

హెలెన్ లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. అవతల ఏం మాట్లాడుకుంటున్నారో వినబడలేదు. తలుపు మళ్ళీ తెరుచుకుంది.

"సారు చేతులు ఖాళీ లేవు. తోడెళ్ళిన మనిషికి ఫోన్ చెయ్యమన్నారు. ఎలాగైనా ఆపమన్నారు. పరిగెత్తు!"

తలుపులమ్మ నంబరు పొద్దున్న తనే రాసుకుంది. మొదటిసారి చేస్తే ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది.

"అలో! ఎవరండీ?"

"తలుపులమ్మగారూ, అమలాపురం ఆసుపత్రి నుంచి, కౌముదినండి. ఏసమ్మగారి దగ్గరే ఉన్నారా?"

"ఆయ్, పక్కనే ఉన్నానమ్మా. మంచమిచ్చారు. మంచి గాలి కూడా..."

"ఇంజెక్షనేదైనా చేశారా?"

"చెయ్యిమీద సూదితో చిన్నగా పొడిచెళ్ళారమ్మా ఇందాక, పరీక్షకంట. ఇప్పుడు పెద్దది చేస్తారంట. సిస్టరమ్మ తెల్ల పొడున్న బుడ్డీలో నీళ్ళు కలుపుతోంది."

కౌముది గట్టిగా అరిచింది.

"ఆపండి! తలుపులమ్మగారూ, ఆ ఇంజెక్షను చెయ్యనివ్వకండి. ఆవిడకది పడదు. ఇక్కడ చేస్తే ప్రాణం మీదికొచ్చింది."

"అదేంటమ్మా! నేను చెబితే ఇంటారా వాళ్ళు?"

"వినకపోతే చెయ్యి అడ్డం పెట్టండి. ఏదైనా చెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆపండి!"

ఫోను దేనికో తగిలిన చప్పుడైంది. తరవాత దూరంగా తలుపులమ్మ గొంతు: "ఆగమ్మా! ఆగంటున్నానా! ఒద్దు!" ఇంకో గొంతు విసుగ్గా: "ఏంటమ్మా మీ గోల? లేవండి, పేషెంటు మీద పడుకుంటారేంటి?" మళ్ళీ తలుపులమ్మ: "లెగను. నన్ను పొడుచుకో కావాలంటే. ముందీ ఫోను మాట్లాడు!"

ఎవరో ఫోను అందుకున్నారు. ఆ నర్సుకి చెప్పింది. ఆమె ఎవరినో పిలిచింది. చివరికి డ్యూటీ డాక్టరు, గొంతు వింటే చిన్న వయసమ్మాయిలాగే ఉంది, లైన్లోకి వచ్చింది. కౌముది ఆ మందు పేరు విడమరిచి చెప్పింది. పడినప్పుడు ఏమైందో చెప్పింది. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"ఇక్కడ సర్టిఫికేషన్ అనుంది," అంది ఆ డాక్టరమ్మ నెమ్మదిగా. "ఏంటా అని ఫోన్ చేద్దామనుకున్నాను. ఇంతలో క్యాజువాలిటీలో కేసొచ్చింది..." మాట మధ్యలో ఆపేసి పక్కనున్న నర్సుని ఏదో అడిగింది. "పెద్ద డోసు ఇవ్వలేదండి. టెస్టు డోసు మాత్రం పడింది. ఉండండి, చెయ్యి చూస్తాను."

తరవాత ఆమె వేరెవరితోనో అన్న మాటలు వినబడ్డాయి. "దద్దు లేచింది. మెడ మీద కూడా. ఆక్సిజన్ తీసుకురండి, త్వరగా!" లైను తెగిపోయింది.

ఆ తరవాత గడిచిన కాలం ఎంతో కౌముదికి తెలీదు. మళ్ళీ ఫోన్ చేస్తే వాళ్ళ పనికి అడ్డమేమోనని భయం. చెయ్యకపోతే ఏమైందోనని భయం. వరండాలో ఎవరో, "అమ్మా, మా టోకెను?" అని అడిగారు. ఆమె చీటీ చించి, అంకె వెయ్యకుండానే ఇచ్చేసింది. నాన్న రోజూ పొద్దున్నే చదివే శ్లోకం గుర్తు చేసుకోబోయింది. మొదటి పాదం దగ్గరే ఆగిపోయింది. ఏసమ్మకి పిల్లలున్నారో లేదో కూడా తనకు తెలీదు. అదొక్కటే బుర్రలో గిర్రున తిరిగింది.

థియేటర్లోంచి పసిపిల్ల ఏడుపు వినబడింది. ఆ వెనకే ఫోను మోగింది.

"అమ్మాయిగారూ, నేనేనండి తలుపులమ్మని. ఏదో మందిచ్చారు. దద్దుర్లు అణిగాయి. కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది. ఇంకేం భయం లేదంటున్నారు, ఆ డాట్రమ్మ పక్కనే కూకుంది."

కౌముది బల్ల మీద తలపెట్టి ఏడ్చేసింది.

జగన్నాథరావుగారు బయటికొచ్చాక జరిగిందంతా చెప్పింది, ఏ బటను నొక్కిందో కూడా. ఆయన కూర్చుని మొదటి మెయిలు మొదటినుంచి చివరిదాకా చదివారు. కళ్ళజోడు తీశారు. కౌముది సిద్ధంగా నిలబడింది. కానీ ఆయన ఆమె వంక చూడలేదు. కాకినాడకి ఫోను కలపమన్నారు.

"పొరపాటు నాదండి," అన్నారు ఫోన్లో. "నా సంతకంతో వెళ్ళినదాన్ని నేను చదవలేదు. అలెర్జీ సంగతి చీటీ మీద రాసి పేషెంటుతో పంపాల్సింది, అదీ చెయ్యలేదు." ఫోను పెట్టేశాక, "ఇంటికెళ్ళు. రేపు రా," అన్నారు, అంతే.

రమ్మన్నది పనికో, పని మాన్పించడానికో తెలీక ఆమెకు రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే వెళ్ళేసరికి ఆయన ఆమె కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఆ బటను తీసెయ్యడానికి కుదురుతుందా?"

"కుదరదండి. కానీ దానికి మాటలు నేర్పొచ్చటండి. మందుల పేర్లన్నీ ఎక్కిస్తే ఇంక మార్చదు."

"అయితే నేర్పు. అర్థం కాకపోతే అడుగు. నేను విసుక్కుంటే మళ్ళీ అడుగు."

హెలెన్ మందుల గదిలోంచి అట్టపెట్టెలూ సీసాలూ తెచ్చి పేర్లు చదువుతుంటే, కౌముది రోజుకి కొన్ని చొప్పున ఎక్కించింది. అప్పటినుంచీ ప్రతి మెయిలూ ఆయనే చదివాక గానీ పోవడం లేదు. ఆయన చదివి సరేనన్నా, పంపే బటను మీద వేలు పెట్టి, మళ్ళీ ఒకసారి తను చదువుకుంటుంది.

ఏసమ్మ చాన్నాళ్ళకు కట్టు మార్పించుకోవడానికి వచ్చింది. రెండు కాలివేళ్ళు తీసేశారు, పాదం మిగిలింది. వెంట తలుపులమ్మ. కౌముది తన చోటు నుంచి లేచి వెళ్ళి బెంచీ మీద పక్కన కూర్చుని, ఆ రోజు తప్పు రాసింది తనేనని చెప్పేసింది. తలుపులమ్మ నోరు తెరుచుకుని చూసింది. ఏసమ్మ కట్టు కట్టిన కాలిని చేత్తో నిమురుకుంది.

"నాకిద్దరు ఆడపిల్లలమ్మా," అంది.

కౌముది తల దించుకుంది. ఫరవాలేదులే అని ఆవిడ అనలేదు. అనాలని కౌముదీ అనుకోలేదు.

కాసేపయ్యాక ఏసమ్మ రొంటినుంచి చిన్న ఫోను తీసి ముందుకు చాపింది. "ఆ మందు పేరేదో దీని యెనకాల అంటించియ్యి. తెలుగులో రాయి. మా పెద్దది చదువుద్ది."

కౌముది ప్లాస్టరు ముక్క కత్తిరించి ఫోను వెనక అంటించింది. పెన్నుతో ఒక్కో అక్షరం కుదురుగా రాసి, కింద 'ఇది నాకు పడదు' అని రాసింది. ఏసమ్మ దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఏదీ, చదివినిపించు."

కౌముది చదివింది.

"మళ్ళీ."

మళ్ళీ చదివింది. ఏసమ్మ ఆ మాటని నోట్లో వేసుకుని నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా పలికింది. తలుపులమ్మ కూడా పలికింది. సరిగా వచ్చేదాకా ముగ్గురూ అంటూనే ఉన్నారు.